నూరా: వెలుగు ధాతువులో పుట్టిన నిప్పు

‘నూర్’ అంటే వెలుగు అని ఉర్దూ రానివాళ్ళకు కూడా తెలుసు. నూర్జహాన్, నూరుద్దీన్ లాంటి పేర్లు మన చుట్టూ వినిపిస్తూనే ఉంటాయి. కృష్ణా ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే వజ్రానికి కోహినూర్ అని పేరు, అంటే వెలుగు కొండ. ఈ నూర్ అరబ్బీ మాట. అరబ్బీ కంటే వెయ్యేళ్ళకు పైగా ముందే రాతకెక్కిన దాని దాయాది భాష అరామిక్‌లోనూ అచ్చం ఇదే మాట ఉంది. కానీ అక్కడ నూర్ అంటే వెలుగు కాదు, నిప్పు.

చాలామంది తడబడేది ఈ తేడా దగ్గరే. బైబిలులోని దానియేలు గ్రంథం చదువుతూ అరబ్బీ అర్థాన్ని వెనక్కి మోసుకెళ్ళి, విగ్రహానికి మొక్కని ముగ్గురిని బాబిలోను రాజు నెబుకద్నెజరు తోయించిన కొలిమిలో మండింది నిప్పు కాదు, దైవకాంతి అని చెప్పేవాళ్ళున్నారు. ధాతువు ఒకటే కాబట్టి అర్థమూ ఒకటే అయి తీరాలన్న నమ్మకం వాళ్ళది. ధాతువు మాట పుట్టుక గురించి మాత్రమే చెబుతుంది. ఆ మాట ఏ కాలంలో, ఎవరి నోట, ఏ అర్థంలో నడిచిందో రాతలే చెప్పాలి. అరామిక్‌కు దాదాపు మూడు వేల ఏళ్ళ రాతలు మిగిలి ఉండడం మన అదృష్టం. వాటిని వరసగా చూస్తే తేలే సంగతి ఏమిటంటే, ఆ భాషలో నిప్పుకు ఒక మాట కాదు, రెండున్నాయి. పాత మాటను పక్కకు నెట్టి కొత్త మాట ఆ చోట కూర్చుంది. అసలు కథ అంతా ఆ రెండింటి మధ్యే ఉంది.

ముందు భాష గురించి రెండు ముక్కలు. అరామిక్ సిరియా ప్రాంతపు అరామీయుల భాష. అస్సీరియా, బాబిలోను రాజులు దాన్ని పాలనలో వాడుకున్నారు. పారశీక సామ్రాజ్యం ఈజిప్టు నుంచి అఫ్గానిస్థాన్ దాకా దాన్ని కార్యాలయ భాష చేసింది. అశోకుడు కాందహారులో వేయించిన శాసనం గ్రీకుతో పాటు అరామిక్‌లో ఉన్నది అందుకే. యేసు మాట్లాడిన భాష కూడా ఇదే. తెలుగు బైబిలు దీన్ని ‘సిరియా భాష’ అంటుంది. ఇందులో మాట చివర వచ్చే ‘ఆ’ మొదట్లో నిర్దిష్టార్థాన్ని సూచించే ప్రత్యయం: నూర్ అంటే నిప్పు, నూరా అంటే ఫలానా ఆ నిప్పు. కాలక్రమంలో తూర్పు మాండలికాల్లో ఆ తేడా అరిగిపోయి, నూరా అన్నదే మామూలు రూపంగా స్థిరపడింది.

ఇక పాత మాట. అరబ్బీ, అరామిక్, హీబ్రూ లాంటి సెమిటిక్ భాషలన్నిటికీ ఉమ్మడి తాత భాషలో నిప్పుకు ‘ఇష్’ లాంటి మాట ఉండేది. హీబ్రూలో అది ఏష్, బాబిలోను వాళ్ళ అక్కాడియన్‌లో ఇషాతు. ఇథియోపియాలో ఈ రోజుకీ అమ్హారిక్ మాట్లాడేవాళ్ళు నిప్పును ఇసాత్ అంటారు. సిరియా తీరాన ఉగరిత్ నగరంలో దొరికిన మట్టిపలకల మీద, బాల్ దేవుడికి భవనం కట్టే కావ్యంలో, ఇంట్లో రోజుల తరబడి నిప్పు మండి వెండి బంగారాలు కరుగుతాయి. అక్కడి నిప్పు ‘ఇష్త్’. అదే కావ్యంలో సూర్యదేవత షప్షుకు ‘దేవతల దీపం’ అని బిరుదు. ఆ దీపానికి వాడిన మాటలో న, ర ధ్వనులున్నాయి: నూర్ కుటుంబంలోని మాటే. అంటే క్రీ.పూ. 13వ శతాబ్దంలో ఈ రెండు మాటలూ వేటి పని అవి చేసుకుంటున్నాయి. ఒకటి కాలుస్తుంది, ఇంకొకటి వెలుగిస్తుంది.

అక్కాడియన్‌లోనూ అంతే. నూరు అంటే వెలుగు, ఇషాతు అంటే నిప్పు. లార్సా నగరాన్ని ఏలిన ఒక రాజు పేరు నూర్-అదద్, అదద్ దేవుడి వెలుగు. హీబ్రూలో ఈ ధాతువు దీపం దగ్గర ఆగింది: నేర్ అంటే దీపం, ఏడు కొమ్మల దీపస్తంభం మెనోరా. యిర్మీయా ప్రవక్త రాయసకాడు బారూకు తండ్రి పేరు నేరీయా, అంటే ‘యెహోవా నా దీపం’. ఎక్కడా నిప్పు ఊసు లేదు.

ఇప్పుడు అరామిక్‌కు వద్దాం. అలెప్పోకు ఆగ్నేయంగా ఉన్న సఫీరాలో మూడు నల్లరాతి శిలలు దొరికాయి. క్రీ.పూ. 8వ శతాబ్దం నడుమ అర్పాదు రాజు మతిఎల్ మీద విధించిన సంధి షరతులు వాటి మీద చెక్కి ఉన్నాయి. సంధి తప్పితే తగలవలసిన శాపాల చిట్టా కూడా ఉంది. అందులో ఒకటి, ఈ మైనం నిప్పులో ఎలా కాలిందో అర్పాదు కూడా అలాగే కాలిపోవాలి అని. ప్రమాణం చేసేటప్పుడు మైనాన్ని నిజంగానే మంటలో పెట్టి చూపించి ఉంటారని ఆ ‘ఈ మైనం’ అన్న మాట వల్లే తెలుస్తోంది. అక్కడ నిప్పుకు చెక్కినవి రెండే అక్షరాలు, అలెఫ్, షీన్. అంటే పాత మాట ‘ఎష్’. అదే శిల మీద సంధికి సాక్షులుగా పిలిచిన దేవతల వరసలో సూర్యుడి పక్కన ఇంకో పేరు ఉంది: న, ర. సూర్యుడి జంటగా నిలిచిన వెలుగు దేవత నూర్ అని పండితులు దాన్ని చదువుతారు. ఒకే రాతి మీద వెలుగు నూర్, నిప్పు ఎష్. కొద్దికాలానికే, క్రీ.పూ. 740లో, అస్సీరియా రాజు మూడో తిగ్లత్ పిలేసరు అర్పాదును పట్టుకున్నాడు.

మూడు వందల ఏళ్ళు ముందుకు వస్తే నైలు నదిలో, ఇప్పటి అస్వాను దగ్గరి ఎలిఫంటైన్ దీవి. పారశీకుల కొలువులో ఉన్న యూదు సైనికులు అక్కడ కాపురముండేవారు, వాళ్ళకో గుడి కూడా ఉండేది. క్రీ.పూ. 410లో ఖ్నూమ్ దేవుడి పూజారులు స్థానిక అధికారితో కుమ్మక్కై దాన్ని ధ్వంసం చేయించారు. మూడేళ్ళ తర్వాత ఆ యూదులు యూదయా అధికారి బగోహికి పెట్టుకున్న అర్జీ పపైరస్ మీద నేటికీ ఉంది. రాతి స్తంభాలు పగలగొట్టారు, చెక్కిన రాతితో కట్టిన అయిదు ద్వారాలు కూలగొట్టారు, దేవదారు దూలాల కప్పునూ మిగతా సరంజామానూ నిప్పులో కాల్చేశారు, బంగారు వెండి పాత్రలు ఎత్తుకుపోయారు. చదువుతుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మన విషయానికొస్తే, ఆ కాల్చిన నిప్పు పేరు కూడా పాతదే: ఎష్షా.

మరి నూర్ నిప్పుగా కళ్ళబడేది ఎక్కడ? దానియేలు గ్రంథంలో. ఆ గ్రంథం రెండు భాషల్లో ఉంది. రెండో అధ్యాయం మధ్యలో, కల్దీయులు రాజుతో మాట్లాడడం మొదలుపెట్టిన చోట, హీబ్రూ ఆగి అరామిక్ మొదలవుతుంది. ఏడో అధ్యాయం చివరిదాకా అదే. కథ నడిచేది క్రీ.పూ. 6వ శతాబ్దపు బాబిలోనులో అయినా, గ్రంథం ఇప్పటి రూపానికి వచ్చింది క్రీ.పూ. 2వ శతాబ్దంలో అన్నది ఎక్కువమంది పరిశోధకుల మాట. మూడో అధ్యాయంలో షద్రకు, మేషాకు, అబేద్నెగోలను పడేసే గుండాన్ని కథకుడు దాదాపు ప్రతిసారీ అవే మూడు మాటలతో చెబుతాడు: అత్తూన్ నూరా యాకిద్తా. విగ్రహానికి మొక్కనివాడికి అదే శిక్ష అని చాటింపు వేసినప్పుడు, రాజు కోపంతో ఊగిపోయినప్పుడు, ముగ్గురినీ కట్టి తోసినప్పుడు, అవే మాటలు మళ్ళీ మళ్ళీ డప్పు దరువులా వస్తాయి. చదివి వినిపించడానికి రాసిన కథ అని అక్కడ తెలిసిపోతుంది.

ఈ మూడు మాటల్నీ విడదీసి చూడాలి. అత్తూన్ అంటే బట్టీ, ఇటుకలూ కుండలూ కాల్చేది. అది అక్కాడియన్ నుంచి తెచ్చుకున్న మాట. ఇటుకలతో కట్టిన బాబిలోనుకు తగిన మాట కూడా. నూరా నిప్పు. యాకిద్తా అంటే మండుతున్న. ఈ చివరి మాట స్త్రీలింగంలో ఉంది. అత్తూన్ పుంలింగం, ఈ అధ్యాయంలో నూరా స్త్రీలింగం. కాబట్టి మండుతున్నది బట్టీ కాదు, నిప్పు. ‘మండుచున్న అగ్నిగుండము’ అన్న తెలుగు అనువాదంలో ఆ విశేషణం గుండానికి అంటుకుపోతుంది. మూలంలో ఉన్నది ‘మండుతున్న నిప్పు ఉన్న బట్టీ’. ఇంకో సంగతి: యాకిద్తాలో ఉన్న య-క-ద ధాతువే సఫీరా శాపంలో మైనం కాలడానికీ వాడారు. ఆరు వందల ఏళ్ళలో క్రియ మారలేదు, నిప్పు పేరు మారింది.

ఏడో అధ్యాయంలో రెండు మాటలూ పక్కపక్కనే కనిపిస్తాయి. వృద్ధుడైన దేవుడి సింహాసనం నూర్ జ్వాలలు, దాని చక్రాలు మండే నూర్, ఆయన ముందు నుంచి పారేది ‘నెహర్ ది నూర్’, నిప్పు నది. ఆ వెంటనే పదకొండో వచనంలో మృగాన్ని చంపి దాని శరీరాన్ని మంటకు అప్పగిస్తారు. అక్కడ మాత్రం మాట ఎష్షా. అక్కడా దాని పక్కనున్నది ఆ య-క-ద ధాతువే. నేను దీన్ని ఇలా చదువుతాను: మామూలు వాడుకలో నూర్ వచ్చేసింది, పాత క్రియతో కలిసి నానుడిగా గట్టిపడిన చోట పాత నిప్పు మిగిలింది. ఈ వచనాల్లో నూర్‌ను కాంతి అని తిప్పి రాస్తే సింహాసనపు వర్ణన వరకు అందంగానే ఉంటుంది. మూడో అధ్యాయానికి వస్తే మాత్రం అర్థం కుప్పకూలుతుంది. ఆ ముగ్గురినీ ఎత్తుకెళ్ళిన సైనికులు నూర్ జ్వాలలకు చచ్చిపోతారు, బయటికొచ్చిన ముగ్గురి ఒంటిమీద నూర్ వాసన కూడా లేదంటారు. కాంతికి వాసనెక్కడిది?

వెలుగు మాట నిప్పు మాట ఎలా అయింది? పెద్ద గెంతేమీ అక్కర్లేదు. రాత్రిపూట వెలుగు అంటే మంటే అయిన రోజులవి. ఒకే మంటను దాని పనిని బట్టి పిలవొచ్చు, దాని రూపాన్ని బట్టి పిలవొచ్చు. అరబ్బీ కూడా ఇదే దారిన నడిచింది, కాకపోతే అది అచ్చు మార్చి రెండు మాటలు చేసుకుంది: నూర్ వెలుగు, నార్ నిప్పు. పాత ‘ఇష్’ను పూర్తిగా వదిలేసింది. ఖురాన్‌లో 24వ అధ్యాయం 35వ వచనం రెండింటినీ ఒకచోట చూపిస్తుంది. ఆ దీపపు నూనె నార్ తగలకపోయినా వెలిగేటట్టుంటుంది, అది నూర్ మీద నూర్ అంటుంది. అరబ్బీ వినేవాడికి ఆ వాక్యపు సొగసంతా ఆ రెండు అచ్చుల తేడాలోనే ఉంది. అరామిక్‌లో ఆ సొగసు కుదరదు. అక్కడ ఉన్నది ఒక్క నూరే, అది నిప్పుకు పోయింది.

వెలుగు కోసం అరామిక్ హకారం ఉన్న ఇంకో ధాతువును వాడుకుంది, న-హ-ర. దానియేలు రెండో అధ్యాయంలో దేవుడి దగ్గర నివసించే వెలుగు నెహోరా. సిరియాక్ అనే తర్వాతి అరామిక్‌లో అది నుహ్రా. యోహాను సువార్త మొదట్లో చీకటిలో ప్రకాశించే వెలుగు సిరియాక్ బైబిల్లో నుహ్రా. అదే బైబిల్లో, పరిశుద్ధాత్మతోనూ నిప్పుతోనూ బాప్తిస్మమిస్తాడని యోహాను చెప్పే చోట ఉన్నది నూరా. ఇరాక్, ఇరాన్ దక్షిణ ప్రాంతాల్లోని మాండియన్లు అనే చిన్న మతవర్గానికి ఈ ఒక్క హకారం మరీ ముఖ్యం. వాళ్ళ మతగ్రంథాల్లో పైలోకాలు ‘ఆల్మా ద్ నుహూరా’, వెలుగు లోకాలు. నూరా దానికి వేరుగా నిప్పు. అయితే నూరాకు పవిత్రత లేదని కాదు. 373లో కన్నుమూసిన సిరియాక్ కవి ఎఫ్రేము, క్రీస్తును మోసిన గర్భంలోనూ ఆయన మునిగిన నదిలోనూ నిప్పు, ఆత్మ ఉన్నాయని పాడాడు. అది నూరాయే. కాల్చకుండా ఉండే నిప్పు అన్నదే ఆయన ఆశ్చర్యం. అక్కడ వెలుగు అని అనువదిస్తే ఆశ్చర్యపడడానికి ఏమీ మిగలదు.

మరి పాత ఎష్షా ఏమైంది? చచ్చిపోలేదు, మంచాన పడింది. తోరాకు, అంటే మోషే అయిదు గ్రంథాలకు, అరామిక్ అనువాదమైన ‘ఓంకెలోసు తర్గూము’ పాత పద్ధతిని పట్టుకుని, మోషే చూసిన పొదలోని నిప్పుకు ఎషాతా అనే వాడుతుంది. జనం నోట మాత్రం ఆ మాట మెల్లగా ఒంటి వేడికి పరిమితమైంది. మార్కు సువార్తలో సీమోను అత్త పడుకున్న జ్వరం సిరియాక్ బైబిల్లో ఎష్షాతా. యూదు పండితుల చర్చల సంకలనమైన బాబిలోనియా తల్ముదులో, షబ్బాత్ భాగం 67వ పత్రంలో, జ్వరానికి ఒక వైద్యం ఉంది. అచ్చంగా ఇనుముతో చేసిన కత్తి తీసుకుని ముళ్ళపొద దగ్గరికి వెళ్ళాలి. దానికి తెల్లదారం కట్టాలి. రోజుకు కాస్త చొప్పున పొదకు గాటు పెడుతూ, మోషేకు మండే పొద కనిపించిన వచనాలు చదవాలి. పొదను నరికేటప్పుడు మంత్రం: హనన్యా, మిషాయేలు, అజర్యాలను చూసి ఎషాతా ఎలా పారిపోయిందో, ఫలానా తల్లి కొడుకైన ఫలానావాణ్ణి చూసి ఎషాతా అలాగే పారిపోవాలి. ఆ ముగ్గురూ షద్రకు, మేషాకు, అబేద్నెగోలే, అవి వాళ్ళ హీబ్రూ పేర్లు. మంత్రంలో మొదటి ఎషాతా బట్టీలోని నిప్పు, రెండోది ఒంట్లోని జ్వరం. రెండూ ఒకే మాట అయినందువల్లే ఆ మంత్రం నిలబడుతుంది. దానియేలు మూడో అధ్యాయంలో ఆ నిప్పును నూరా అనే అంటారని ఆ పండితులకు తెలియక కాదు. రోగి మంచం దగ్గర వాళ్ళకు పాత మాటే కావలసి వచ్చింది. మనకూ జ్వరమొస్తే ఒళ్ళు కాలిపోతోందనే అంటాం కదా.

నూరా అరామిక్ సరిహద్దులు దాటి వెళ్ళిన ఒక చోటు గురించి తప్పక చెప్పాలి. 224లో ఇరాన్‌లో సాసానీ రాజ్యాన్ని స్థాపించిన అర్దషీరు నాణేలకు ఒకవైపు రాజు ముఖం, రెండో వైపు అగ్నివేదిక ఉంటాయి. వేదిక పక్కన రాసిన అక్షరాలు కూడబలుక్కుంటే వచ్చేది ‘నూరా’, ఆ వెనుక రాజు పేరు. కానీ పారశీక లేఖకుడు దాన్ని నూరా అని చదవడు. అరామిక్ మాట రాసి, దాన్ని తమ భాషలో ‘ఆదుర్’ అని పలికేవారు. ‘5’ అని రాసినదాన్ని మనం ఐదు అనీ హిందీవాళ్ళు పాంచ్ అనీ చదువుతామే, అలాగన్నమాట. పారశీక సామ్రాజ్యపు కార్యాలయాల్లో అరామిక్ రాసీ రాసీ ఆ అలవాటు మిగిలింది. అలా, నిప్పును కొలిచే జొరాస్ట్రియన్ రాజుల నాణేల మీద నిప్పు పేరు శతాబ్దాల తర్వాత కూడా అరామిక్ అక్షరాల్లో నిలిచింది. పహ్లవీ అనే ఆనాటి పారశీక భాషలోని గ్రంథాల్లోనూ ఇదే రాత పద్ధతి. ముంబయిలోనూ మన సికింద్రాబాదులోనూ అగ్యారీలలో పవిత్రాగ్నిని కాపాడుకుంటున్న పార్సీలు ఆ పహ్లవీ గ్రంథాల వారసులే.

ఈ కుటుంబంలోకి బలవంతంగా లాగబడిన మాటలు రెండున్నాయి, వాటిని వేరుచేయాలి. ఒకటి తందూర్. తన్నూర్ అన్న అరబ్బీ, అరామిక్ రూపం చూసి లోపల నూర్ ఉందని, ‘నిప్పు ఇల్లు’ అని చెప్పేస్తుంటారు. ఆ పొయ్యి పేరు అక్కాడియన్‌లో తినూరు. ఆ భాషలో నూరు అంటే నిప్పే కాదు, కాబట్టి ఆ లెక్క మొదట్లోనే తప్పుతుంది. మధ్యయుగపు అరబ్ నిఘంటుకారులు కూడా తన్నూర్‌ను పరాయి మాటగానే ఎంచారు. రెండోది అబ్రాహాము బయలుదేరిన ఊర్ నగరం. తెలుగు బైబిల్లో ‘కల్దీయుల ఊరను పట్టణము’ అని చదవగానే మనకు మన ఊరు గుర్తొస్తుంది, దానికీ దీనికీ చుట్టరికం లేదు. హీబ్రూ వినేవాళ్ళకు మాత్రం ఊర్ అంటే మంట అనే అర్థం తోచింది. దాంతో దేవుడు అబ్రాహామును బయటికి తెచ్చింది ఆ నగరం నుంచి కాదు, నిమ్రోదు రాజు తోయించిన అగ్నిగుండం నుంచి అన్న కథ అల్లుకుంది. పాలస్తీనా అరామిక్ తర్గూములు ఆ చోట ‘కల్దీయుల అత్తూన్ నూరా’ అనే రాశాయి, దానియేలు మాటలు తెచ్చి అబ్రాహాము కథకు అతికాయి. చల్లబడమని దేవుడు నిప్పును ఆజ్ఞాపించిన కథ ఖురాన్‌లోనూ ఉంది. అక్కడ నిప్పు నార్. నగరం మాత్రం నిజమైనదే. ఇరాక్ దక్షిణాన దాని దిబ్బలను 1922 నుంచి 1934 దాకా లెనార్డ్ వూలీ తవ్వించాడు.

నిజమైన చుట్టం వేరే ఉంది, అదీ హైదరాబాదు నడిబొడ్డునే. మినార్ అన్న మాట అరబ్బీ మనార్ నుంచి వచ్చింది, వెలుగు లేదా నిప్పు ఉండే చోటు, దీపస్తంభం అని అర్థం. అందులో ఉన్నది నూర్‌కు మూలమైన న-వ-ర ధాతువే. హీబ్రూ మెనోరా, 1591 నాటి చార్మినార్‌లోని మినార్ ఒకే అచ్చులో పోతపోసిన మాటలు.

అరామిక్ ఇప్పటికీ బతికే ఉంది. దమాస్కసుకు ఉత్తరాన కొండ చరియకు ఆనుకున్న మాలూలా గ్రామంలో, టర్కీ ఆగ్నేయాన తూర్ అబ్దీన్ పల్లెల్లో, ఉత్తర ఇరాక్‌లోని అసీరియన్ల ఇళ్ళలో, అక్కడి నుంచి వలసపోయిన స్వీడన్, జర్మనీ, అమెరికా కుటుంబాల్లో. మాలూలాలో నూరా, తూర్ అబ్దీన్‌లో నూరో అంటే నేటికీ నిప్పే. సెప్టెంబరులో సిలువ పండుగకు మాలూలా వాళ్ళు ఊరి పైనున్న కొండల మీద పెద్ద మంటలు వేస్తారు. ఈశాన్య మాండలికాల్లో జ్వరాన్ని షాథా అంటారు. ఎష్షాతా ముందున్న అచ్చు రాలిపోగా మిగిలిన రూపమది. ఆ మాండలికాల్లో రోజువారీ మాటల్లో వెలుగు పేరు కూడా మారింది. నుహ్రా ఎక్కువగా చర్చి భాషకు, పుస్తకాలకు పరిమితమై, ఇంట్లో వెలుగును బెహ్రా అంటున్నారు.